నల్లగొండ ఎండలో కెమెరా నేర్చుకోవడం: మొదటి ఏడాదికి మెట్టు మెట్టుగా

నేను బడిలో లెక్కలు చెబుతాను. కెమెరా చేతికొచ్చింది నలభై మూడో ఏట. అప్పట్లో ఇంట్లో వాళ్లు ‘ఈ వయసులో ఇదేం పిచ్చి’ అన్నారు. ఇప్పుడు ఏ శుభకార్యానికి వెళ్లినా నా భుజాన సంచి లేకపోతే ‘కెమెరా ఏదీ’ అని వాళ్లే అడుగుతున్నారు. పిచ్చి తగ్గలేదు, ఇంటిల్లిపాదికీ అలవాటైంది, అంతే.

పెళ్లిళ్లు తీసి నాలుగు రాళ్లు సంపాదించాలనుకునే వారికి ఇందులో పెద్దగా ఏమీ దొరకదు. ఫోనుతో సరదాగా మొదలుపెట్టి, ఇప్పుడు దారిన పోతూ గోడ మీది నీడ చూసి బండి ఆపేస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. మొదటి ఏడాది దూరాభారాలు పెట్టుకోవద్దని నా సలహా. ఇంటి నుంచి బండి మీద ఇరవై నిమిషాల్లో చేరగల ఒక చోటు ఎంచుకుని, దానికే పదే పదే వెళ్లండి. నాకు ఆ చోటు పానగల్లు. నల్లగొండ అంచునే చెరువు, రెండు పాత గుళ్లు, పొలాలు, పక్షులు, గేదెలు అన్నీ ఉన్నాయి. పాలమూరు వారికి పిల్లలమర్రి ఉంది, గద్వాల వారికి కోట ఉంది, భువనగిరి వారికి ఆ ఏకశిల గుట్టే చాలు.

మొదటి మెట్టు: మూడు నెలలు ఏమీ కొనకండి

చేతిలో ఉన్న ఫోను చాలు. కెమెరా సెట్టింగుల్లోకి వెళ్లి తెర మీద అడ్డగీతలు, నిలువుగీతలు కనిపించేలా పెట్టుకోండి. చెరువు గట్టు ఓ పక్కకు ఒరిగిపోయిన ఫోటోలు ఆ రోజు నుంచే తగ్గిపోతాయి. వేళ్లతో సాగదీసి దగ్గరికి తెచ్చుకోవడం మానేసి, కాళ్లతో దగ్గరికి నడవండి. తెర మీద ముట్టుకుంటే పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకి కిందికి జరిపి వెలుతురు ఎలా మారుతుందో చూడండి.

ఆపైన ఒక్కటే అభ్యాసం: ఒకే వస్తువును ముప్పై రోజులు, రోజుకో వేళలో తీయడం. నేను మా బడి ఆవరణలోని వేపచెట్టును తీశాను. పదో రోజుకు విసుగొచ్చింది. ఇరవయ్యో రోజుకు, ప్రార్థన సమయంలో ఆ చెట్టు నీడ మొదటి వరుస పిల్లల మీద పడుతుందనీ, అందుకే వాళ్లు కళ్లు చిట్లించరనీ గమనించాను. పదకొండేళ్లుగా అదే బడిలో ఉన్నాను, అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మూడు నెలల తర్వాత కూడా ఫోను మీకు ఇరుకుగా అనిపిస్తేనే రెండో మెట్టు ఎక్కండి.

రెండో మెట్టు: పాతది కొనండి, చూసి కొనండి

కంపెనీలు అద్దం లేని కెమెరాల వైపు మళ్లడంతో, అద్దం ఉన్న పాత డీఎస్ఎల్ఆర్‌లు చవకగా దొరుకుతున్నాయి. నేర్చుకునేవారికి ఇది మంచి కాలం. నేను వాడుతున్నది పాత నికాన్ డీ3500, 24 మెగాపిక్సెళ్లది, దానితో వచ్చిన 18-55 లెన్స్. ఏ కంపెనీదైనా ఫరవాలేదు. మీ బంధువుల్లోనో స్నేహితుల్లోనో ఎవరి దగ్గరైనా కెమెరా ఉంటే అదే కంపెనీది తీసుకోండి, లెన్సులు మార్చుకోవచ్చు, సందేహాలు అడగవచ్చు.

పాతది కొనేటప్పుడు దుకాణదారు తొందరపెట్టినా అరగంట తీసుకోండి. మొదట షట్టర్ (ఫోటో తీసినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే తెర) ఎన్నిసార్లు పడిందో తెలుసుకోవాలి. ప్రారంభ స్థాయి కెమెరాలను సాధారణంగా లక్ష సార్ల లెక్కతో తయారు చేస్తారు. నికాన్‌లో ఆ అంకె ఫోటో ఫైల్‌లోనే దాగి ఉంటుంది, అప్పటికప్పుడు ఒక ఫోటో తీసి కంప్యూటర్‌లో చూడవచ్చు. తర్వాత అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/16 దగ్గర పెట్టి తెల్ల గోడను కావాలనే ఫోకస్ తప్పించి తీయండి. ఫోటోలో నల్లటి మచ్చలు కనిపిస్తే సెన్సర్ (వెలుతురును ఫోటోగా మార్చే పలక) మీద దుమ్ముంది, అది తుడిస్తే పోతుంది. సన్నని గీత కనిపిస్తే మాత్రం ఆ కెమెరా వదిలేయండి.

లెన్స్ విషయంలో నేను దెబ్బతిన్నాను. ఒక దుకాణంలో ట్యూబులైటు కింద నిగనిగలాడిన లెన్స్, ఇంటికొచ్చి చూస్తే లోపల సాలెగూడు లాంటి బూజుతో ఉంది. వెనుక నుంచి ఫోను టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూస్తే ఆ దుకాణంలోనే తెలిసిపోయేది. మీరు ఆ పని చేయండి.

రెండో లెన్స్‌గా అందరూ 50 మి.మీ. ఎఫ్/1.8 కొనమంటారు. మి.మీ. అంకె పెరిగేకొద్దీ లెన్స్ పట్టే దృశ్యం ఇరుకవుతుంది, ఎఫ్ అంకె సంగతి తర్వాతి మెట్టులో చెబుతాను. నేను 35 మి.మీ. ఎఫ్/1.8 అంటాను. చిన్న సెన్సర్ కెమెరాల్లో చిత్రం అంచులు కత్తిరించినట్టవుతుంది కాబట్టి 35 మి.మీ. లెన్స్ సుమారు 52 మి.మీ.లా పనిచేస్తుంది, దాదాపు కంటిచూపులాగే. మన ఇళ్లలో, మగ్గాల గదుల్లో వెనక్కి జరగడానికి చోటుండదు, గోడ వీపుకు తగులుతుంది. ఒక జాగ్రత్త: కొన్ని నికాన్ కెమెరాల్లో ఫోకస్ తిప్పే మోటారు లోపల ఉండదు. వాటికి మోటారున్న లెన్సే కొనాలి, లేకపోతే ప్రతిసారీ చేత్తో తిప్పుకోవాలి.

మూడో మెట్టు: తూము లెక్క

పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీద కూర్చుని నాకు నేనే చెప్పుకున్న పాఠం ఇది. చెరువు నుంచి పొలానికి నీరు వదలాలి. తూము ఎంత తెరిచారు, ఎంతసేపు తెరిచి ఉంచారు అన్న రెండింటి మీదే పొలానికి అందే నీరు ఆధారపడుతుంది. ఎక్కువ తెరిచి కొద్దిసేపే వదిలినా, కొంచెం తెరిచి చాలాసేపు వదిలినా మడి ఒకేలా నిండుతుంది. కెమెరాలో నీటి స్థానంలో వెలుతురు ఉంటుంది. తూము వెడల్పు అపర్చర్, తెరిచి ఉంచిన సమయం షట్టర్.

అపర్చర్ అంకెలు చూసి చాలామంది బెదిరిపోతారు: 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16. ఇందులో మర్మమేమీ లేదు. లెన్స్ నాభ్యంతరాన్ని రంధ్రపు వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె ఇది. 50 మి.మీ. లెన్స్ ఎఫ్/2 దగ్గర 25 మి.మీ. రంధ్రం, ఎఫ్/8 దగ్గర 6.25 మి.మీ. రంధ్రం. భాగించే సంఖ్య పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది, అందుకే అంకె పెద్దదైతే వెలుతురు తక్కువ. మరి ప్రతి అంకే ముందుదానికి 1.4 రెట్లు ఎందుకు? వృత్త వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. వెలుతురు సరిగ్గా సగం కావాలంటే వ్యాసం రెండు వర్గమూలం మేరకే, అంటే 1.414 వంతుకు తగ్గాలి. మా తొమ్మిదో తరగతి పిల్లలకు వర్గమూలం రెండు ఎందుకు పనికొస్తుందో ఇప్పుడు కెమెరా చూపించి చెబుతున్నాను.

వచ్చిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్ఓ అనే అంకెను తూముతో కలపకండి. అది నీటిని పెంచదు. సరిగ్గా అందని స్టేషన్‌ను వినడానికి రేడియో శబ్దం పెంచినట్టు అది. పాటతో పాటు గరగర కూడా పెరుగుతుంది. ఆ గరగరే చీకటి ఫోటోల్లో కనిపించే ఇసుక చల్లినట్టుండే రంగుచుక్కలు. పగలు 100 లేదా 200 చాలు. అవసరం పడ్డప్పుడు మాత్రం 1600కో 3200కో పోవడానికి జంకకండి. గరగర ఉన్న ఫోటోను చూడవచ్చు, చెయ్యి వణికి అలుక్కుపోయిన ఫోటోను ఎవరూ బాగుచేయలేరు.

కట్ట మీద చేయాల్సిన పని: కెమెరాను అపర్చర్ మీరు పెట్టే పద్ధతిలో, అంటే ‘ఎ’ మీద పెట్టండి. రెండు మీటర్ల దూరంలో ఉన్న ఒక రాయి మీద ఫోకస్ చేసి ఎఫ్/2, ఎఫ్/8, ఎఫ్/16 దగ్గర ఒక్కో ఫోటో తీయండి. మొదటిదానిలో రాయి వెనుక చెరువు రంగుల మసక. మూడోదానిలో అవతలి గట్టు తాటిచెట్లు కూడా లెక్కపెట్టేంత స్పష్టం. ఇంటికొచ్చాక మూడూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే పుస్తకాల్లో పది పేజీల వివరణ అక్కరలేదు.

పాత ఫిల్ము కాలపు చిట్కా ఒకటి మన ఎండకు చక్కగా సరిపోతుంది. మబ్బులేని మధ్యాహ్నం ఎఫ్/16 పెట్టి, ఐఎస్ఓ ఎంత ఉంటే షట్టర్ సెకనులో అన్నో వంతు పెట్టాలి. ఐఎస్ఓ 100 అయితే 1/100 లేదా 1/125. అదే వెలుతురు ఎఫ్/8 దగ్గర కావాలంటే తూము నాలుగింతలైంది కాబట్టి 1/500. ఈ లెక్క నోటికి వస్తే కెమెరా ఎప్పుడు పొరబడుతోందో మీకే తెలుస్తుంది.

నాలుగో మెట్టు: పత్తి కుప్ప, గేదె

కెమెరా ఎందుకు పొరబడుతుంది? దానికి లోకమంతా ఒకే మధ్యరకం బూడిదరంగు అన్న నమ్మకం. తెలుపును చూపితే ‘వెలుతురు ఎక్కువైంది’ అని తగ్గిస్తుంది. నలుపును చూపితే ‘చీకటిగా ఉంది’ అని పెంచుతుంది.

ఇది నాకు అర్థమైంది పత్తి సీజన్లో. జిన్నింగు మిల్లు ముందు పత్తి కుప్ప మీద కూర్చున్న ఇద్దరు హమాలీలను తీశాను. పత్తి అంతా వానాకాలపు మబ్బులా, మాసిన బట్టలా వచ్చింది. అదే సాయంత్రం చెరువులోంచి వస్తున్న గేదెను దగ్గరగా తీస్తే, నల్లటి గేదె దుమ్ముపట్టినట్టు తెల్లబోయింది. రెండూ కెమెరా ‘సరిచేసినవే’. ప్లస్, మైనస్ గుర్తులున్న మీట ఇందుకే ఉంది. చట్రమంతా పత్తి నిండితే ప్లస్ 1, గేదె నిండితే మైనస్ 1. కొంగ విషయం వేరు: చెరువు నీటి ముదురు రంగు ముందు చిన్న తెల్లకొంగ ఉంటే కెమెరా నీటిని చూసి వెలుతురు పెంచేస్తుంది, కొంగ ఈకలు కాలిపోయినట్టు తెల్లటి ముద్దవుతాయి. అక్కడ మైనస్.

ముద్దైన తెలుపులోంచి ఈకలను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ రాబట్టలేదు. నీడలోంచి మాత్రం కొంత లాగవచ్చు. అందుకే అనుమానంగా ఉన్నప్పుడు తెలుపును కాపాడండి. కెమెరాలో జేపెగ్‌కు (కుదించిన మామూలు ఫోటో ఫైల్‌కు) బదులు రా ఫైల్ (కెమెరా మార్పులు చేయకుండా దాచే ముడి ఫైల్) పెట్టుకుంటే ఈ లాగుడుకు వెసులుబాటు ఇంకా ఎక్కువ, కార్డు మాత్రం త్వరగా నిండుతుంది.

ఐదో మెట్టు: ఎండతో గొడవ పడకండి, లెక్క వేయండి

‘ఉదయం ఏడు లోపు, సాయంత్రం ఐదు తర్వాతే తీయాలి’ అని ప్రతివారూ చెబుతారు. ఇది సగం నిజం. మనిషి ముఖానికి నిజం. రాతి గోడకు కాదు.

శిల్పం కనిపించాలంటే వెలుతురు గోడను ఒరుసుకుంటూ పోవాలి. ఎదురుగా కొట్టే ఎండలో చెక్కడమంతా చదునైపోతుంది. పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గోడల మీది శిల్పాలు నేర్పిన పాఠమిది. కందూరు చోళుల కాలపు ఆ గోడ ముందు ఉదయం ఏడింటికి వెళ్లి ఎదురెండలో యాభై ఫోటోలు తీశాను. అన్నీ తెల్లారిపోయిన సున్నపు గోడల్లా వచ్చాయి. ఒకరోజు పదకొండు గంటల వేళకు ఏదో పని మీద అటు వెళ్తే, పై నుంచి జారుతున్న ఎండలో ప్రతి బొమ్మ ముక్కు కింద, నడుము కింద సన్నటి నీడ గీత. బొమ్మలు గోడ లోంచి బయటికి అడుగు వేసినట్టున్నాయి. చేతిలో ఫోను మాత్రమే ఉంది. ఆ ఫోను ఫోటోనే ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది.

ఇక లెక్క. నల్లగొండ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. కాబట్టి సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు: మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరోసారి. ఈ రెండింటి మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరం వైపు ఉంటాడు. అంటే మిగతా ఏడాది మధ్యాహ్నాలు ఎండ మొహం చూడని ఉత్తరపు గోడలు జూన్ పన్నెండు గంటలకు ఒరుసుకునే వెలుతురులో ఉంటాయి, మబ్బు పట్టకపోతే. డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణాన దాదాపు 50 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. ఆ నెలంతా దక్షిణపు గోడలకు పండగ. తూర్పు గోడను పదకొండు గంటలకు, పడమటి గోడను ఒంటిగంటకు చూడండి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు వెళ్లేవారు ఈ లెక్క ముందే వేసుకుంటే ఒక్కరోజులో మూడు వైపులా పని జరుగుతుంది. అక్కడ, అలాంటి రక్షిత కట్టడాలన్నిటిలో, ట్రైపాడ్ (కెమెరాను నిలిపే మూడు కాళ్ల స్టాండు) పెట్టేముందు అనుమతి అడగండి.

మనుషులను మధ్యాహ్నం తీయక తప్పకపోతే అరుగు అంచుకు పిలవండి. చూరు నీడలో కూర్చుని ఎండలోకి చూస్తున్న ముఖానికి, వాకిలి మీద పడి తిరిగొచ్చే వెలుతురు అందుతుంది. వాకిలి మరీ నల్లగా ఉంటే ముందు ఒక తెల్ల పంచె పరవండి. స్టూడియోల వారు వాడే తెల్ల అట్ట చేసే పని అదే.

పిల్లలమర్రి లాంటి చోట్ల సమస్య తిరగబడుతుంది. ఏడు వందల ఏళ్లదని చెప్పే ఆ మర్రిని మొత్తం ఒక చట్రంలో పట్టాలని చూస్తే ఆకుల గందరగోళమే మిగులుతుంది. అనుమతించినంత దూరంలో నిలబడి ఒక ఊడ, ఒక కొమ్మ మలుపు చాలు అనుకోండి. ఆకుల గుండా వచ్చే వెలుతురు ముఖాలను ఆకుపచ్చగా చేస్తుంది, రా ఫైల్ ఉంటే తర్వాత సరిదిద్దవచ్చు. అక్కడికి వెళ్లినప్పుడల్లా నేను పన్నెండు ఫోటోల హద్దు పెట్టుకుంటాను. ఆ హద్దు ఎందుకంటే, పిల్లలమర్రి ఉన్న మహబూబ్‌నగర్‌కు ఆ పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీద వచ్చింది. ఆయన ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ గాజు పలకల మీద తీసేవాడు. పలకలు మోయాలి, పగలకుండా చూడాలి, వృథా చేయకూడదు. పన్నెండు పలకలే ఉన్నాయనుకుంటే వేలు దానంతటదే నెమ్మదిస్తుంది.

ఆరో మెట్టు: చీకటి గుడిలో ఒక నీడ

పానగల్లులోనే ఛాయా సోమేశ్వరాలయం ఉంది. మూడు గర్భగుడుల త్రికూటాలయం. వాటిలో ఒకదానిలో లింగం వెనుక గోడ మీద స్తంభం లాంటి నీడ పగలంతా కదలకుండా నిలిచి ఉంటుంది. ఫోటోలు నేర్చుకునేవారికి ఇంతకన్నా గట్టి పరీక్ష నాకు తెలియదు.

మొదటిసారి పూజారి గారిని అడిగి, గడప బయట నుంచే కెమెరా ఎక్కుపెట్టాను. కెమెరా సొంత తెలివితో పనిచేసే ఆటో మీద ఉంది. చీకటిని చూసి ఫ్లాష్ దానంతటదే లేచి కొట్టింది. ఫోటోలో శివలింగం ఉంది, గోడ ఉంది, నీడ లేదు. నీడ తీయడానికి వచ్చి నీడనే చెరిపేశాను. పూజారి గారు వెనుక నుంచి చూసి, “నీడ కోసం దీపం తెచ్చారా సారూ?” అని నవ్వారు.

పద్ధతి ఇది. ముందు ఫ్లాష్ ఆపేయండి. కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టండి. దానికి ఒప్పుకోకపోతే గడప అవతల సంచి మీద ఆనించండి. ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/8. షట్టర్ రెండు సెకన్ల నుంచి మొదలుపెట్టి నాలుగు, ఎనిమిది వరకు పెంచుతూ చూడండి. చీకట్లో ఆటో ఫోకస్ తడుముకుంటుంది, కాబట్టి తెర మీద లింగం అంచును పెద్దది చేసి చేత్తో తిప్పి ఫోకస్ చేయండి. లెన్స్‌లో వణుకు ఆపే మీట ఉంటే, ట్రైపాడ్ మీద ఉన్నంతసేపు దాన్ని ఆపండి. వేలితో నొక్కినా కెమెరా కదులుతుంది, రెండు సెకన్ల టైమర్ పెట్టి చేతులు వెనక్కి తీసుకోండి. దీపం పసుపు, గుమ్మం నుంచి వచ్చే పగటి వెలుగు నీలం కాబట్టి రంగు సంగతి రా ఫైల్‌లో తర్వాత చూసుకోండి. భక్తులు వస్తే పక్కకు తప్పుకోండి. వాళ్లు దర్శనానికి వచ్చారు, మన ట్రైపాడ్ చూడటానికి కాదు.

మంచి ఫోటో రావడానికి నాకు ఐదుసార్లు పట్టింది. నీడ అంచులు కత్తితో కోసినట్టు ఉండవు, మెత్తగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌లో ఆ అంచులను పదును చేయాలని ప్రయత్నించి, తప్పు తెలిసి మానుకున్నాను.

ఏడో మెట్టు: మనుషులు, ముఖ్యంగా పనిచేసే మనుషులు

అడగకుండా తీయకండి. అడిగాక కూడా వెంటనే తీయకండి. కూర్చోండి, ఇచ్చిన చాయ్ తాగండి, పని చూడండి.

పుట్టపాకలో తేలియా రుమాళ్లు నేసే ఒక ఇంటికి పరిచయస్తుల ద్వారా వెళ్లాను. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపి నానబెట్టిన నూలుతో నేసే బట్ట అది, 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ నూలుకు చిటికీలు కడుతోంది. రంగు ఎక్కకూడని చోట రబ్బరు పట్టీ చుట్టి, పంటితో పట్టుకుని, చూపుడువేలితో బిగించి ముడి. మళ్లీ అర అంగుళం జరిగి ఇంకో ముడి. కిటికీ ఒక్కటే, వెలుతురు ఎడమ చెంప మీద మాత్రమే.

నాకు ఆ ముఖం నచ్చింది. 35 మి.మీ. లెన్స్, ఎఫ్/1.8, ఐఎస్ఓ 800, 1/125. కళ్ల మీద ఫోకస్ చేశాను. కెమెరా వెనుక తెర చూపిస్తే ఆమె కాసేపు చూసి, “నా ముఖానికేముంది సారూ, చిటికీ కనబడటం లేదు కదా” అంది. నిజమే. అపర్చర్ అంత తెరిస్తే ఇంత దగ్గరలో స్పష్టంగా ఉండేది నాలుగు వేళ్ల మందం లోతు మాత్రమే. కళ్లు అందులో ఉన్నాయి, వేళ్లు లేవు. వెనుక మసకగా కనబడితేనే గొప్ప ఫోటో అనే భ్రమ ఆ రోజు వదిలింది. ఎఫ్/5.6కు వచ్చి, ఐఎస్ఓ 3200కు పెంచి, షట్టర్ 1/60కి దించి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించుకుని వేళ్ల మీద ఫోకస్ చేశాను. అపర్చర్ గుండా వచ్చే వెలుతురు సుమారు పదో వంతుకు తగ్గింది, ఐఎస్ఓ నాలుగింతలు, షట్టర్ రెండింతలు, కొంచెం లోటు మిగిలింది, ఆ లోటు రా ఫైల్ పూడ్చింది. తూము లెక్క ఇక్కడ పనికొచ్చింది.

మగ్గం మీద నాడె (పోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) కదలికను ఆపి పట్టాలంటే 1/500 కావాలి, గదిలో అంత వెలుతురు ఉండదు. అందుకని ఆపకండి. 1/15 దగ్గర పెడితే మగ్గం నిశ్చలంగా, నాడె ఒక తెల్లటి గీతగా వస్తుంది. నాకైతే అదే ఇష్టం.

ఎనిమిదో మెట్టు: బతుకమ్మ, సాగర్ గేట్లు

సద్దుల బతుకమ్మ రోజు సూర్యుడు దిగాక పాతిక నిమిషాలు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. తంగేడు పసుపు ఆ నీలం ముందు వెలిగినట్టు కనిపిస్తుంది, ఆపైన ఆకాశం నల్లబడి ఆ అందం పోతుంది. ట్రైపాడ్‌ను నేలకు జానెడు ఎత్తులో పెట్టి, బతుకమ్మ మీద ఫోకస్ చేసి 1/4 సెకను ఇస్తే పూలు కదలకుండా, చుట్టూ చీరల రంగులు తిరుగుతున్నట్టు వస్తాయి. నేను మా ఆవిడ ఆడే గుంపునే తీస్తాను, వేరే గుంపు అయితే పెద్దవాళ్లను అడిగాకే.

నాగార్జునసాగర్ గేట్లు ఎత్తినప్పుడు పత్తి కుప్ప సూత్రమే వర్తిస్తుంది: నురుగు చట్రమంతా నిండితే ప్లస్. లెన్స్ మీద తుంపర పడుతుంది, రెండు పొడి గుడ్డలు ఉంచుకోండి. డ్యాం మీద భద్రతా సిబ్బంది వద్దన్న చోట వాదించకండి.

తొమ్మిదో మెట్టు: దుమ్ము, బూజు, కార్డు

లెన్స్ మార్చేటప్పుడు కెమెరా ఆపి, నోరు నేల వైపు ఉంచి, గాలికి వీపు పెట్టి మార్చండి. దుమ్మును నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర్లు పడతాయి. చేత్తో నొక్కే రబ్బరు ఊదుడు బుడ్డి కొనండి, లెన్స్ గుడ్డతో రుద్దేముందు దాన్ని వాడండి.

వానాకాలంలో తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం బూజును పెంచుకోవడమే. గాలి చొరబడని పెద్ద ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే నిశ్చింత. నీలం రంగు గుళికలు గులాబీకి మారితే తేమ పీల్చి నిండాయని అర్థం, వేడి చేస్తే మళ్లీ నీలం అవుతాయి. ఆ పనికి వంట మూకుడు వాడకండి, ఆ రంగు తిండికి మంచిది కాదు.

కార్డును పొరపాటున చెరిపేస్తే వెంటనే కెమెరాలోంచి తీసేయండి. దాని మీద కొత్తగా ఒక్క ఫోటో కూడా తీయకపోతే, ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తిరిగి రాబట్టుకోవచ్చు. మా మేనకోడలి అక్షరాభ్యాసం అలాగే దక్కింది. అప్పటి నుంచి ప్రతిదీ రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి మా ఇంట్లో, ఒకటి తమ్ముడింట్లో.

పదో మెట్టు: అచ్చు వేయించి, తీసిన చోటికి తీసుకెళ్లడం

ఏడాది చివర వేల ఫోటోల్లోంచి పన్నెండు ఎంచండి. ఇది తీయడం కన్నా కష్టం. ముందు వంద ఏరండి, వారం ఆగండి, తర్వాత పన్నెండు. కష్టపడి తీశామన్న మమకారాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

నాణ్యమైన అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 6000 × 4000 చుక్కలున్న 24 మెగాపిక్సెళ్ల ఫోటో ఆ లెక్కన 20 అంగుళాల వెడల్పు వరకు నిలుస్తుంది. మామూలు 6 × 4 అచ్చుకు రెండు మెగాపిక్సెళ్లు దాటితే చాలు. స్టూడియోకు వాట్సాప్‌లో పంపితే ఫోటో కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపండి లేదా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. అందరూ మెరుపు కాగితం అడుగుతారు, మన ట్యూబులైట్ల కింద అది అద్దంలా తళతళలాడుతుంది. మెరుపు లేనిదే అడగండి.

పుట్టపాక పెద్దావిడ చేతుల ఫోటోను 12 × 8 వేయించి తీసుకెళ్లాను. ఆమె కళ్లజోడు తెప్పించుకుంది. ఫోటోను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని, చాలాసేపు చూసింది. బాగుందంటుందని ఎదురుచూస్తున్నాను. ఆమె మూడో వరుసలో ఒక ముడి మీద వేలు పెట్టి కోడలిని పిలిచింది.

“ఇదిగో, ఇక్కడ చిటికీ వదులైంది. అందుకే ఆ రుమాలులో ఎరుపు పాకింది.”